బాపు తెచ్చిన ఆకు

మా బాపు గోదావరిఖనిలో ముప్పై ఏళ్లకు పైగా బొగ్గు బాయి దిగాడు. నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు ఒకరోజు షిఫ్టు నుంచి వచ్చి, సంచిలోంచి అరచేయంత రాతిపలక తీసి నా ముందు పెట్టాడు. "సూడు బిడ్డా, రాయిల ఆకు."

బూడిదరంగు రాయి మీద నల్లటి ఆకు అచ్చు. మామిడాకు కంటే కొంచెం వెడల్పు, కొస గుండ్రంగా, నాలుకలా ఉంది. నడుమ లావు ఈనె, దానికి రెండు పక్కలా వల అల్లినట్టు సన్నని ఈనెలు. వేలితో రాస్తే ఆ గీతలు తగులుతాయి. ఇప్పటికీ తగులుతాయి, ఆ రాయి నా టేబుల్ మీదే ఉంది.

బొగ్గు అంటే ఉక్కపోసే అడవి, బురద, పెద్ద పెద్ద తూనీగలు అని బళ్లో బొమ్మ చూపించారు. చాలా ఏళ్లు నేనూ అదే నమ్మాను. జియాలజీ చదివాక తెలిసింది, ఆ బొమ్మ యూరప్, అమెరికాల బొగ్గుది. మన సింగరేణి బొగ్గు ఆ తర్వాతి పెర్మియన్ కాలానిది. 29.9 కోట్ల ఏళ్ల కిందట మొదలై 25.2 కోట్ల ఏళ్ల కిందట ముగిసిన కాలం అది. అప్పుడు మన నేల ఇక్కడ లేదు. ఆఫ్రికా, ఆస్ట్రేలియా, అంటార్కిటికా, దక్షిణ అమెరికాలతో కలిసి గోండ్వానా అనే ఒకే ఖండంగా, భూమధ్యరేఖకు చాలా దక్షిణాన ఉంది. మన బొగ్గు పొరల కింద హిమానీనదాలు ఈడ్చుకొచ్చిన గుండ్రాళ్ల పొర ఉంటుంది. ఒడిశాలోని తాల్చేరు దగ్గర 1856లో జియాలజిస్టులైన బ్లాన్‌ఫర్డ్ సోదరులు దాన్ని చూసి, ఇది మంచు చేసిన పని అన్నారు. ఎండకు మాడే ఒడిశాలో మంచేమిటని జనం ఎంత తెల్లబోయి ఉంటారో!

ఆ మంచు వెనక్కి తగ్గిన చిత్తడి నేలల్లో మొలిచిందే బాపు తెచ్చిన ఆకు తాలూకు చెట్టు. గ్లోసోప్టెరిస్. ఆ పేరు 1828లో ఫ్రెంచి వృక్షశాస్త్రవేత్త బ్రోంగ్నియార్ పెట్టాడు, గ్రీకులో గ్లోసా అంటే నాలుకే. చలికాలం రాగానే ఈ చెట్టు ఆకులన్నీ రాల్చేసేది. అందుకే రాళ్లలో ఆకులు దొంతరలు దొంతరలుగా దొరుకుతాయి. అంటార్కిటికాలో రాయిగా మారిన ఆనాటి మానుల్లో ఏటేటా పెరిగిన వలయాలు స్పష్టంగా లెక్కపెట్టుకోవచ్చు. 1912లో దక్షిణ ధ్రువం నుంచి తిరిగొస్తూ చనిపోయిన బ్రిటిష్ అన్వేషకుడు స్కాట్ బృందం, నడవలేని స్థితిలో కూడా పారేయకుండా సుమారు 16 కిలోల రాళ్లు లాక్కొచ్చింది. వాటిలో ఉన్నది ఈ ఆకే. అక్కడి ఆకూ గోదావరి లోయ ఆకూ ఒకటే జాతి అన్నది తలుచుకుంటే నాకు ఈ రోజుకీ ఒళ్లు జలదరిస్తుంది.

బొగ్గు పెళ్లలో మెరిసే పొరల మధ్య మసిలా చేతికి అంటుకునే పొర ఒకటి ఉంటుంది. ఆ కాలపు అడవులు తగలబడగా మిగిలిన కట్టెబొగ్గు అది. బాపు చేతుల గీతల్లో ఇంకిపోయి, ఎంత సబ్బు రుద్దినా వదలని నలుపులో కొంత ఆ పాత కార్చిచ్చుల మసే.

పువ్వు లేదు, గడ్డి లేదు, పిట్ట లేదు. డైనోసార్లు రావడానికి ఇంకా ఎంతో కాలం ఉంది. కానీ జీవాలున్నాయి. మా జిల్లాల్లోనే, గోలేటి దగ్గరి ఎర్ర మట్టిరాళ్లలో ఎండోథియోడాన్ ఎముకలు దొరికాయి. పిట్ట ముక్కులాంటి మూతితో ఆకు మేసే జంతువు, మన పాలిచ్చే జీవుల పూర్వీకులకు దూరపు చుట్టం. పెర్మియన్ చివర సైబీరియాలో అగ్నిపర్వతాల లావా లక్షల ఏళ్లు పారింది. దాంతోపాటు వెలువడిన వాయువులకు భూమి వేడెక్కింది, సముద్రంలో జీవజాతులు చాలావరకు తుడిచిపెట్టుకుపోయాయి. గ్లోసోప్టెరిస్ అడవులూ పోయాయి. ఆ తర్వాత దాదాపు కోటి ఏళ్లపాటు ప్రపంచంలో ఎక్కడా బొగ్గు పొరలు పడలేదు. ఒక చెట్టు పోతే ఒక కాలమే ఆగిపోయినట్టు.

పోయిన సంక్రాంతికి ఇదంతా బాపుకు చెప్పాను. రిటైరయి చాలా ఏళ్లయింది, ఆయాసం ఎక్కువ. ఓపిగ్గా విన్నాడు.

"లోపల ఉక్కకు బనీను పిండుకునేటోళ్లం. గక్కడ మంచుండెనా?"

"ఉండె బాపూ."

రాయిని వెలుతురుకు ఒంపి, ఆకు అంచు మీద వేలు పెట్టాడు. అక్కడ అర్ధచంద్రంలా చిన్న నొక్కు. నేనది రాయి విరిగిందనుకున్నాను, ఇన్నేళ్లూ.

"ఇరిగింది గాదు. పురుగు కొరికింది. అంచు సూడు, మందంగ లేదా? చెట్టు మీద ఉన్నప్పుడే తిన్నది, ఆకు మళ్లా మాన్పుకున్నది. మన సిక్కుడాకుకు అయితది సూడు, గట్లనే."

లెన్సు తెచ్చి చూశాను. నొక్కు చుట్టూ సన్నని నల్లటి గట్టు ఉంది.