జిరాక్స్ షాపులో కాపీరైట్

"మేడం, కాపీ తీయకూడదని ఇందులో రాసినారు. రేపు నా మీద కేసు పెడితే?" అన్నాడు జిరాక్స్ అబ్బాయి, పుస్తకం మొదటి పేజీ మీద వేలు పెట్టి. అనంతపురంలో ఇన్నేళ్లుగా జిరాక్సులు తీయిస్తున్నా, ఈ మాట ఎవరూ అడగలేదు. ముచ్చటేసింది.

నాకు కావలసింది ఒక్క చాప్టర్. డిగ్రీ పిల్లలకు రేపటి పాఠం. ఉరవకొండ, కళ్యాణదుర్గం వైపు నుంచి పాసు బస్సుల్లో వచ్చే పిల్లలు, అంత ఖరీదు పుస్తకం ఎక్కడ కొంటారు!

1957 కాపీరైట్ చట్టం, సెక్షన్ 52 గురించి చెప్పాను. పాఠం చెప్పడంలో భాగంగా టీచరు గానీ విద్యార్థి గానీ కాపీ తీసుకుంటే తప్పు లేదు. ఢిల్లీ యూనివర్సిటీలోని జిరాక్స్ షాపు మీద ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి లాంటి పబ్లిషర్లు కేసు వేస్తే, బోధనకు అవసరమైనంత మేరకు కాపీ తీసుకోవచ్చని 2016లో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. మరుసటి ఏడాది పబ్లిషర్లే కేసు వెనక్కి తీసుకున్నారు.

"అయితే పుస్తకం మొత్తం తీసేదా మేడం? స్పైరల్ కూడా వేసిస్తా!"

వద్దు నాయనా. పాఠానికి చాప్టరు చాలు.

నాకు మింగుడుపడనిది వేరే. గ్రూప్స్‌కు చదివేవాళ్ల వాట్సాప్‌లో ఎవరో కష్టపడి రాసిన మెటీరియల్ పీడీఎఫ్ చేసి డబ్బుకు అమ్ముతున్నారు. అడిగితే "ఎడ్యుకేషన్ పర్పస్" అంటారు. అమ్మేవాడిది ఏం ఎడ్యుకేషనో!