టేకాఫ్ కాగానే ఇంజిన్ ఆగితే: 300 అడుగుల దగ్గర పోయిన పరువు

పైలట్ శిక్షణలో ఉన్నాను. ఒకే ఇంజినుండే చిన్న విమానం సెస్నా 172ఎస్ మీద ఎమర్జెన్సీ చెక్ (ఇంజిన్ ఆగినట్టు చేసి పెట్టే పరీక్ష) నిన్నటికి గట్టెక్కింది. రెండోసారికి.

వాక్‌రౌండ్ (ఎగిరే ముందు విమానం చుట్టూ తిరిగి చూసుకోవడం) మామూలే. ఇంధనం తీసి చూడాల్సిన చోట్లు 13: ఒక్కో రెక్క కింద 5, ముక్కు కింద 3. అవ్‌గాస్ (విమానం పెట్రోలు) నీలంగా ఉంటుంది, నీళ్లుంటే అడుక్కి చేరతాయి. గ్లాసంతా నీళ్లే అయితే మాత్రం రెండింటి మధ్య గీత కనపడదు, శుభ్రంగా ఉందనుకుంటాం. అందుకే రంగుతోపాటు వాసన కూడా చూడాలి. రన్-అప్ (టేకాఫ్‌కి ముందు ఇంజిన్ పరీక్ష) 1800 ఆర్‌పీఎం దగ్గర. ఇంజిన్‌కి నిప్పురవ్వ అందించే మాగ్నెటోలు రెండు; ఒక్కోదాని మీద నడిపితే ఆర్‌పీఎం 150 మించి పడకూడదు, రెండింటికీ తేడా 50 దాటకూడదు.

మొదటిసారి 300 అడుగుల దగ్గర ఇన్‌స్ట్రక్టర్ థ్రాటిల్ (ఇంజిన్ పవర్ పెంచే, తగ్గించే పిడి) లాగేశారు, ఇంజిన్ ఆగినట్టు. నా చూపు వెనక్కి, రన్‌వే మీదికి పోయింది. చెయ్యీ అటే తిప్పబోయింది. ముక్కు మాత్రం పైకే ఉంది. 74 నాట్లతో (ఒక నాట్ అంటే గంటకు 1.85 కి.మీ.) ఎక్కే విమానానికి పవర్ పోతే రెండు మూడు సెకన్లలో స్పీడు జారిపోతుంది. దిగాక హ్యాంగర్‌లో అందరి ముందూ అడిగారు: "వెనక్కి తిరిగి ఎక్కడికి పోదామనుకున్నావు బాబూ?"

రాత్రి కాగితం మీద లెక్కేశాను. ఇంజిన్ లేకుండా జారే స్పీడు 68 నాట్లు, 30 డిగ్రీల బ్యాంక్ (మలుపులో విమానం పక్కకి వంగడం): సగం చుట్టుకే 19 సెకన్లు, చుట్టు వెడల్పు 1,400 అడుగులు. అంటే తిరిగొచ్చేది రన్‌వే మీదికి కాదు, దాని పక్కన 1,400 అడుగుల దూరానికి! అక్కణ్నుంచి ఇంకో మలుపు, దాన్ని సరిచేసే ఎదురు మలుపు. ఆ 19 సెకన్లలోనే కనీసం 240 అడుగుల ఎత్తు పోతుంది, తేరుకునే సమయం వేరు. కంగారులో 45 డిగ్రీలు వంచితే స్టాల్ స్పీడు (అంతకన్నా తగ్గితే రెక్కలు విమానాన్ని మోయలేని స్పీడు) 19 శాతం పెరుగుతుంది. గంటల లెక్కన ఫీజు పైసాతో సహా గుంజినవాళ్లు ఈ లెక్క చెప్పలేదు, చెక్‌లిస్టు మాత్రం ఎక్కాల్లా బట్టీ పట్టించారు.

ముందు ముక్కు దించాలి: ఫ్లాప్స్ (రెక్కల వెనక అంచున కిందికి దిగే పలకలు) దించకుంటే 70 నాట్లు, దించితే 65. చోటు ఎదురుగానే వెతకాలి, మహా అయితే 30 డిగ్రీలు అటూ ఇటూ. టైముంటేనే మిక్స్‌చర్ కటాఫ్ (ఇంజిన్‌కి ఇంధనం ఆపడం), ఫ్యూయల్ షటాఫ్ పిడి పూర్తిగా బయటికి, మాగ్నెటో ఆఫ్, ఫ్లాప్స్, మాస్టర్ (కరెంటు మెయిన్ స్విచ్) ఆఫ్, తలుపు గడి తీయడం. ఫ్లాప్స్ కరెంటు మీద కదులుతాయి, మాస్టర్ ముందే ఆపితే అవి దిగవు. చెక్‌లో ఇవన్నీ ముట్టుకుని చెప్పడమే, లాగకూడదు.

నిన్న 400 అడుగుల దగ్గర థ్రాటిల్ లాగారు. ముక్కు దించి, ఎడమవైపు కోతలైన వరిమడి చూపించాను. మడి సరే, గట్లకు అడ్డంగా కాదు, వెంబడి దిగాలన్నారు.