ఐదు నిమిషాల లెక్క

2025 ఏప్రిల్ 26, శనివారం, ఎడిసన్

ఈరోజు అమెరికా ప్రభుత్వానికి, దరఖాస్తు ఫారాల్లో పెడతామంటున్న ఒక ప్రశ్న గురించి నా అభిప్రాయం రాసి పంపాను. ఆఖరి తేదీ మే 5. పాపను కూచిపూడి క్లాసులో దింపి, అది అయ్యేదాకా దగ్గర్లో ఉన్న లైబ్రరీలో కూర్చుని రాశాను. రాత్రి పది దాటింది, అయినా మనసు దాని మీదే ఉంది. అందుకే ఇక్కడ కూడా రాసిపెట్టుకుంటున్నాను.

విషయం ఇది. పౌరసత్వం, గ్రీన్‌కార్డు, ప్రయాణ పత్రాలు, ఆశ్రయం లాంటి వాటికి పెట్టుకునే తొమ్మిది దరఖాస్తుల్లో ఇకమీదట సోషల్ మీడియా ఖాతాల పేర్లు కూడా అడగాలని ఇమిగ్రేషన్ సంస్థ యూఎస్‌సీఐఎస్ అనుకుంటోంది. పాస్‌వర్డ్‌లు కాదు, ఏ ఏ సైట్లు, వాటిలో ఏ పేరుతో ఉన్నాం అన్నది. మార్చి 5న ఫెడరల్ రిజిస్టర్‌లో, అంటే ఇక్కడి ప్రభుత్వ గెజిట్‌లో, నోటీసు వేసి, 60 రోజుల్లో ఎవరైనా అభిప్రాయం చెప్పవచ్చు అంది. ఏటా 35 లక్షలకు పైగా జనం ఈ ప్రశ్నకు జవాబు రాయాల్సి వస్తుందని నోటీసులోనే ఉంది. ఒక్కొక్కరికి పట్టే సమయం 0.08 గంటలు అట. అంటే ఐదు నిమిషాలు కూడా నిండవు.

ఆ 0.08 దగ్గరే నేను ఆగిపోయాను.

పోయిన ఆదివారం బాబాయిగారింటికి వెళ్ళాను. సొంత బాబాయి కాదు, మా వీధి చివర ఉంటారు. తెనాలి వైపు కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరయ్యాక కొడుకు దగ్గరికి వచ్చేశారు. గ్రీన్‌కార్డు వచ్చి ఐదేళ్ళు నిండుతున్నాయి కాబట్టి పౌరసత్వ దరఖాస్తు ఎన్-400 నింపడానికి నన్ను సాయం అడిగారు. అందులో ఐదేళ్ళ చిరునామాలు, ఇండియా వెళ్ళొచ్చిన తేదీలు అన్నీ పాస్‌పోర్టు ముద్రలు చూసి రాశాం. అది అయ్యాక, ఈ ఐదు నిమిషాల లెక్క ఏమాత్రం నిజమో చూద్దామని ఆయన్నీ పిన్నిగారినీ అడిగి సోషల్ మీడియా ఖాతాలన్నీ ఒక కాగితం మీద రాయడం మొదలుపెట్టాను.

మొదటి ఫేస్‌బుక్ ఖాతా పెద్ద మనవడు తెరిచి ఇచ్చాడు. ఫోన్ మారినప్పుడు పాస్‌వర్డ్ గుర్తులేక ఇంకొకటి తెరిచారు. ఇండియాలో ఉండగా ఎవరో పూర్వ విద్యార్థి మరొకటి చేసిపెట్టాడు, దాంట్లో పేరు తెలుగులో ఉంది. ప్రవచనాలు వినే యూట్యూబ్‌కు జీమెయిల్ ఉంది కాబట్టి అదీ ఒక ఖాతానే. దాని పేరు ఫోనే పెట్టింది, వెనక ఏవో అంకెలు కూడా ఉన్నాయి. పిన్నిగారి ఇన్‌స్టాగ్రామ్ మనవరాలి ఫొటోలు చూడటానికే, ఇంతవరకు ఒక్క ముక్క కూడా అందులో పెట్టలేదు. మరి వాట్సాప్ లెక్కలోకి వస్తుందా? టెలిగ్రామ్‌లో పంచాంగం గ్రూపు ఉంది, దాని సంగతేంటి? అందులో నెంబరు తప్ప పేరంటూ లేదు కదా? ఒక్కో ప్రశ్నకూ ముగ్గురం ఫోన్లు పట్టుకుని వెతుక్కున్నాం. పాత ఖాతాల పేర్లు తెలుసుకోవడానికి పెద్ద మనవడికి ఫోన్ చేశాం. గంట దాటింది, అయినా ఆ రెండో ఫేస్‌బుక్ ఖాతా ఏ పేరు మీద ఉందో తేలలేదు.

బాబాయిగారు కళ్ళజోడు తీసి, "అమ్మాయ్, ఇవన్నీ ఫారంలో లేవుగా, ఎందుకు రాస్తున్నావు?" అన్నారు.

"ఇంకా లేవు బాబాయిగారూ. పెడతామంటున్నారు. పెట్టకముందే మనం చెప్పవచ్చు."

"ఒకటి మర్చిపోతే అబద్ధం చెప్పినట్టు రాస్తారా?"

ఆ ప్రశ్నకు నేను జవాబు చెప్పలేకపోయాను. ఎన్-400 చివర సంతకం పెట్టేటప్పుడు, ఇందులో రాసినదంతా నిజమనీ, కాకపోతే శిక్షకు లోబడతాననీ ఒప్పుకుంటాం. జీవితమంతా పిల్లలకు నిజాయితీ గురించి చెప్పిన మనిషి, పాస్‌వర్డ్ మర్చిపోయిన ఒక ఖాతా వల్ల తన మాట అబద్ధమవుతుందేమోనని భయపడుతున్నారు. ఆ టెన్షన్‌కు ఏ కాగితం మీదా గంటల లెక్క లేదు.

అసలు ఈ గంటల లెక్క ఎక్కడి నుంచి వచ్చిందో ఈ వారం శ్రద్ధగా చదివాను. ప్రభుత్వం తనకు తోచినన్ని ఫారాలు జనం మీద వేయకూడదని ఇక్కడ 1942లోనే ఒక చట్టం చేశారు. దాని స్థానంలో 1980 డిసెంబరులో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ పేపర్‌వర్క్ రిడక్షన్ యాక్ట్ మీద సంతకం పెట్టారు. 1995లో దాన్ని తిరగరాసి ఇంకా గట్టిగా చేశారు. ఏ కేంద్ర సంస్థ అయినా పది మందిని, అంతకంటే ఎక్కువ మందిని ఒకే రకం ప్రశ్నలు అడగాలంటే ముందు ఓఎంబీ అనే బడ్జెట్ కార్యాలయం అనుమతి తీసుకోవాలి. ఆ అనుమతి మూడేళ్ళకు మించి ఉండదు. తర్వాత మళ్ళీ జనం ముందుకు రావాలి, మళ్ళీ అడగాలి. ముందు 60 రోజుల నోటీసు, ఆ తర్వాత ఓఎంబీకి పంపేటప్పుడు ఇంకో 30 రోజుల నోటీసు. మొదటి విడతలో జనం ఏమన్నారో, దానికి తాము ఏం చేశారో ఆ సంస్థ కాగితం మీద రాసి ఇవ్వాలి.

ఇక్కడి ఫారాల మూలన ఉండే ఓఎంబీ నంబరు ఆ అనుమతికి గుర్తే. ఎన్-400 మీద 1615-0052. ఇన్నేళ్ళుగా చూస్తున్న అంకె. చెల్లుబాటయ్యే నంబరు లేని ఫారం నింపలేదని ఎవరినీ శిక్షించకూడదని కూడా ఆ చట్టంలో ఉంది. చదువుతున్నప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. మామూలు మనిషి సమయానికి విలువ కట్టి, ఆ విలువను ప్రభుత్వం ఖర్చు లెక్కలాగా చూపించాలని ఒక దేశం చట్టం రాసుకుంది. ఐదు నిమిషాలను 35 లక్షల మందితో గుణిస్తే, వాళ్ళ లెక్క ప్రకారమే ఏడాదికి 2 లక్షల 80 వేల గంటలు దాటుతుంది. బాబాయిగారి ఇంట్లో పట్టిన సమయంతో గుణిస్తే ఎంతవుతుందో నా కామెంట్‌లో వేసి చూపించాను.

"చెబితే వింటారా?" అని ఆయన అడిగారు. దానికి మాత్రం నా దగ్గర జవాబు ఉంది. ఇదే ఆలోచనతో 2019 సెప్టెంబరులో యూఎస్‌సీఐఎస్‌కు పై శాఖ అయిన హోమ్‌ల్యాండ్ సెక్యూరిటీ ఇలాంటి నోటీసే వేసింది. జనం రాశారు, సంస్థలు రాశాయి. 2021 ఏప్రిల్‌లో ఓఎంబీ దానికి అనుమతి ఇవ్వలేదు. ఈ సమాచారం వల్ల నిజంగా ఉపయోగం ఉందని శాఖ తగినట్టు చూపలేకపోయింది అన్నది కారణం. అప్పటికి ప్రభుత్వం మారిందన్న మాట కూడా నిజమే. కానీ కాదనడానికి పట్టు దొరికింది ఈ చట్టంలోనే. ప్రతి నోటీసులోనూ అడిగే మొదటి ప్రశ్నే అది: ఈ సమాచారం అవసరమా, ఆచరణలో ఉపయోగం ఉందా?

మిగతావి మూడు. సమయం లెక్క సరిగ్గా ఉందా? ప్రశ్న ఇంకా స్పష్టంగా ఎలా అడగవచ్చు? నింపేవాళ్ళ భారం ఎలా తగ్గించవచ్చు?

నేను రెండో దాని మీద ఎక్కువ రాశాను, ఎందుకంటే నాకు తెలిసింది అదే. ఉపయోగం ఉందో లేదో చెప్పడానికి నేను భద్రతా నిపుణురాలిని కాను. దేశంలోకి ఎవరొస్తున్నారో చూసుకునే హక్కు ఈ దేశానికి ఉందని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను, ఆ మాట మొదటి పేరాలోనే రాశాను. కానీ డెబ్బై దాటిన ఇద్దరు మనుషులకు ఈ జాబితా తయారుచేయడానికి ఎంతసేపు పట్టిందో, ఎక్కడెక్కడ ఆగిపోయారో ఒక్కొక్కటీ చెప్పాను. వాళ్ళ పేర్లు, ఊరు, వీధి ఏవీ రాయలేదు. కామెంట్లన్నీ అందరికీ కనిపించేలా పెడతారు కాబట్టి అది ముఖ్యం.

మూడో ప్రశ్న కింద నాలుగు కోరికలు పెట్టాను. ఏది సోషల్ మీడియా, ఏది కాదు అన్నది పేర్లతో సహా చెప్పండి. ఎన్నేళ్ళ వెనక్కి వెళ్ళాలో చెప్పండి. చూడటానికి మాత్రమే వాడే ఖాతాలు రాయాలా వద్దా చెప్పండి. నిజంగానే మర్చిపోతే దాన్ని అబద్ధం కింద లెక్కించబోమని ఫారం మీదే అచ్చు వేయండి. ఈ నాలుగోదాన్ని రాస్తున్నంతసేపూ బాబాయిగారి ముఖమే కళ్ళ ముందు ఉంది.

వీసా ఫారంలో ఈ ప్రశ్న 2019 మే ఆఖరు నుంచే ఉంది. అమ్మ వచ్చేటప్పుడు ఆ ఫారం, డీఎస్-160, నేనే నింపాను. ఐదేళ్ళలో వాడినవన్నీ రాయమంటుంది. అక్కడ జాబితా ఉంటుంది, ఎంచుకోవాలి. ఆ జాబితాలో మైస్పేస్, వైన్ లాంటి పాతకాలం సైట్లు ఉన్నాయి కానీ, అమ్మ రోజంతా వాడే వాట్సాప్ లేదు. జాబితా ఇచ్చినంత మాత్రాన సరిపోదు, అది నింపేవాళ్ళ జీవితానికి దగ్గరగా ఉండాలి. ఇది కూడా కలిపాను.

ప్రభుత్వం వివరాలు అడగడమే తప్పని నేను అనను. రెండేళ్ళ కిందట మా ఇంటికి ఇక్కడి జనాభా లెక్కల సంస్థ చేసే అమెరికన్ కమ్యూనిటీ సర్వే వచ్చింది. ఏటా దాదాపు 35 లక్షల చిరునామాలకు పంపుతారు, 40 నిమిషాలు పడుతుందని దాని మీద ఉంటుంది. ఇంట్లో ఇంగ్లిష్ కాకుండా ఏ భాష మాట్లాడతారు అన్న గడిలో 'తెలుగు' అని రాసినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది. అమెరికాలో తెలుగు వేగంగా పెరుగుతోందని మనమంతా గర్వంగా చెప్పుకునే అంకెలు ఆ గడి నుంచే వస్తాయి. ఆ గడి కూడా ఇదే చట్టం దాటి వచ్చింది, దాని మీదా జనం అభిప్రాయం అడిగారు. అడగాల్సింది అడగాలి, ఎందుకో చెప్పాలి, ఎంతసేపు పడుతుందో నిజం చెప్పాలి.

మధ్యాహ్నం భోజనాల దగ్గర మావారితో ఇదంతా చెబుతుంటే ఆయనకు వరంగల్ గుర్తొచ్చింది. 2014 ఆగస్టు 19న తెలంగాణ అంతా ఒక్కరోజులో చేసిన సమగ్ర కుటుంబ సర్వే కోసం పక్క రాష్ట్రాల నుంచి కూడా జనం సొంతూళ్ళకు పరుగెత్తారు. పోయిన నవంబరులో మొదలైన ఇంటింటి సర్వే అప్పుడు అత్తయ్యగారు ఆ ప్రశ్నలన్నింటికీ ఓపిగ్గా జవాబు చెప్పారట. మన దగ్గర కూడా చట్టాల ముసాయిదాలు కనీసం 30 రోజులు జనం ముందు పెట్టాలని 2014లో కేంద్రం ఒక విధానం పెట్టుకుంది. ఈ జనవరిలో డేటా రక్షణ నిబంధనల ముసాయిదా పెట్టి అభిప్రాయాలు అడిగింది కూడా. ఒక్కో ఫారానికి, ఒక్కో ప్రశ్నకు కూడా అలా అడిగే రోజు రావాలని నాకు గట్టిగా ఉంది. రేషన్ కార్డు కోసమో పింఛను కోసమో అవే కాగితాల జిరాక్సులు మళ్ళీ మళ్ళీ తీసుకుని ఎండలో నిలబడేవాళ్ళ సమయం ఎవరైనా లెక్కపెట్టాలి కదా.

సాయంత్రం మా తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో నోటీసు లింకు, ఆ నాలుగు ప్రశ్నలు తెలుగులో రాసి పెట్టాను. నా కామెంట్ మాత్రం పెట్టలేదు. అందరూ ఒకటే ఉత్తరం పంపితే దాన్ని ఒకే అభిప్రాయంగా చూస్తారు, ఎవరి ఇంటి అనుభవం వాళ్ళు రాస్తేనే బరువు ఉంటుంది. ఒకావిడ, "మేము హెచ్-1బీ మీద ఉన్నాం, సిటిజన్లం కాదు, రాయవచ్చా?" అని అడిగారు. రాయవచ్చు అని చెప్పాను. ఫారం నింపేది మీరే కదా, మీకంటే బాగా ఎవరికి తెలుసు అన్నాను. పేరు లేకుండా కూడా పంపవచ్చని చెప్పాక ఇంకో ఇద్దరు రాస్తామన్నారు. కొందరు భయపడ్డారు, "ఇప్పుడు ఇలాంటివి ఎందుకండీ" అన్నారు. వాళ్ళ భయం నాకు అర్థమవుతుంది. గ్రీన్‌కార్డు క్యూలో పదేళ్ళకు పైగా నిలబడ్డవాళ్ళను ధైర్యం చేయమని అనడానికి నాకు నోరు రాలేదు.

బాబాయిగారికి ఫోన్ చేసి పంపేశానని చెప్పాను. ఆయన కాసేపు ఆగి, "నేను కూడా రాస్తానమ్మా, నా ఇంగ్లిష్ నువ్వు ఒకసారి చూడు" అన్నారు. రేపు పొద్దున్న పదింటికి వస్తారు. వచ్చేలోపు మనవడు ఆ రెండో ఖాతా పేరు కనుక్కుంటే, దానికి ఎంతసేపు పట్టిందో కూడా ఆయన తన కామెంట్‌లో రాస్తారట.