పాత తెలుగు రికార్డులు మళ్లీ పాడించే పని: ఇప్పటిదాకా ఎక్కడికొచ్చింది

ఎర్రగడ్డ సంతలోనో, జుమ్మేరాత్ బజార్‌లోనో దొరికే పాత ఎల్పీలు (నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే పెద్ద వినైల్ రికార్డులు) చిటపటలాడితే అరిగిపోయాయని పక్కన పడేయొద్దు. చాలాసార్లు అది సూది నడిచే గాడిలో పేరుకున్న మురికే. ఆంప్లిఫయర్ మీద డబ్బు పెట్టేది ఆఖర్న. ముందు రికార్డు, ఆ తర్వాత వేగం, ఆ తర్వాత సూది.

కడగడం: అయిపోయింది

800 మి.లీ. డిస్టిల్డ్ వాటర్, 200 మి.లీ. ఐసోప్రొపైల్ ఆల్కహాల్, రెండు చుక్కలు గిన్నెలు తోమే లిక్విడ్. ఆల్కహాల్ కోఠి గుజరాతీ గల్లీలో సర్క్యూట్ బోర్డులు తుడవడానికి అమ్మేదే. శానిటైజర్ వాడొద్దు, అందులోని గ్లిజరిన్ గాడిలో జిగటగా ఉండిపోతుంది. బోరు నీళ్లు అసలే వద్దు. బకెట్టు అంచున తెల్లగా కట్టే ఉప్పే గాడిలోనూ కడుతుంది.

లేబుల్ తడవకుండా మూత పెట్టి, మెత్తని బ్రష్‌తో గాడి వెంటే గుండ్రంగా తిప్పాలి, అడ్డంగా కాదు. నిమిషం నాననిచ్చి ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో మళ్లీ కడగాలి. ఇది మానేస్తే మిగిలిన సబ్బు మొదటి పాటకే సూది చివర తెల్లటి నూగులా చేరి, గొంతు మూగబోతుంది. ప్లేట్ల స్టాండులో నిలబెట్టి ఆరనివ్వాలి. ఫ్యాను కింద పెడితే దుమ్ము మళ్లీ వచ్చి పడుతుంది.

వేగం: కుదిరింది

అమెరికా నుంచి తెచ్చిన ప్లేయర్లకు మనవాళ్లు 110 వోల్టుల కన్వర్టర్ పెట్టి సరిపోయిందనుకుంటారు. కన్వర్టర్ వోల్టేజీని మారుస్తుంది గానీ 50 హెర్ట్జ్‌ను 60 చేయదు. కరెంటు హెర్ట్జ్‌ను బట్టే వేగం ఉండే ఏసీ సింక్రనస్ మోటారైతే నిమిషానికి 33⅓ చుట్లు తిరగాల్సింది దాదాపు 27.8 దగ్గరే ఉండిపోతుంది. శ్రుతి మూడు స్వరస్థానాలకు పైగా దిగి, సుశీల గొంతు కూడా బరువుగా వినిపిస్తుంది. అదే మోడల్‌కు వచ్చే 50 హెర్ట్జ్ పుల్లీ (మోటారు మీద బెల్టు తిప్పే చక్రం) వేస్తే సరి. దాని చుట్టుకొలత ఐదో వంతు ఎక్కువ.

సరిచూడటానికి ప్లేయర్ మీద పెట్టి తిప్పే, చుట్టూ 180 గీతలున్న స్ట్రోబ్ కాగితం చాలు. కరెంటు మీద వెలిగే నియాన్ ఇండికేటర్ వెలుతురులో గీతలు కదలకుండా నిలవాలి. చాలా ఎల్ఈడీ బల్బుల కింద ఇది తేలదు.

సూది: దాదాపు కుదిరింది

ఆడియో టెక్నికా వీఎం95ఈ కార్ట్రిడ్జ్‌కు (సూదిని పట్టుకుని ఉండే భాగం) సూది రికార్డు మీద మోపాల్సిన బరువు 2 గ్రాములు, 1.8 నుంచి 2.2 దాకా పరిధి. నగలు తూచే 0.01 గ్రాముల డిజిటల్ కాటా వాడాలి. రికార్డు కింద ఉండే మ్యాట్ తీసి, సూది వాలే తలం రికార్డు ఎత్తుకే వచ్చేలా కాటా పెట్టాలి, లేకపోతే అంకె తప్పుతుంది. బరువు తగ్గిస్తే రికార్డుకు మేలనుకోవడం పొరపాటు. తేలికైన సూది గాడిలో ఎగిరెగిరి గోడలను చెక్కుతుంది.

ప్రొట్రాక్టర్ (కార్ట్రిడ్జ్ కోణం సరిచూసే గీతల కాగితం) మీద నడిమధ్య నుంచి 66.0, 120.9 మి.మీ. దూరంలోని బిందువుల దగ్గర కార్ట్రిడ్జ్ గీతలకు సమాంతరంగా నిలవాలి. కాగితం వంద శాతం సైజులో ప్రింటయిందో లేదో స్కేలు పెట్టి చూడాలి. ఇది తప్పితే రికార్డు ఒక్కో పక్క చివరి పాటలో శ, ష, స మూడూ బుసగా వినిపిస్తాయి. ఇప్పుడు ఒక పక్క మొత్తం శుభ్రంగా వస్తోంది, చివరి పాటలో మాత్రం కొంచెం బుస మిగిలింది.

ఎల్పీ మీద ప్రేమ పెరిగేది కూడా ఆ చివరి పాటల దగ్గరే. ఫోన్లో అయితే రెండో పాటకే దాటేస్తాం. ఇక్కడ లేచి సూది ఎత్తడం ఇష్టంలేక ఇరవై నిమిషాలూ వింటాం, ఎప్పుడూ పట్టించుకోని పాట మనసుకు పట్టుకుంటుంది.

78లు: మొదలుపెట్టాలి

నిమిషానికి 78 చుట్లు తిరిగే, షెల్లాక్ (లక్క)తో చేసిన ఎల్పీలకు ముందటి రికార్డులు. ఒక్కో నాటకం కొన్ని ప్లేట్లలో వచ్చిన పద్యనాటకాల డ్రామా సెట్లు ఇవే. పది అంగుళాల ప్లేటుకు ఒక పక్క మూడు నిమిషాలే. రంగస్థలం మీద ఎంతసేపైనా సాగే రాగాన్ని ఆ కాస్తలో ఎలా ఇమిడ్చారో వినితీరాలి. షెల్లాక్‌కు ఆల్కహాల్ తగిలితే కరిగిపోతుంది, కాబట్టి పై మిశ్రమం వీటికి వాడకూడదు. డిస్టిల్డ్ వాటర్‌లో చుక్క సబ్బు, వెంటనే తుడవడం, అంతే. ఎల్పీ సూది ఈ వెడల్పు గాడిలో అడుగుకు దిగి రొద చేస్తుంది. 3 మిల్ (అంగుళంలో వెయ్యో వంతులు మూడు) సూది తెప్పించి, బరువు కొత్తగా సరిచేశాకే వీటిని ప్లేయర్ మీద పెట్టేది. ఈలోగా లేబుళ్ల మీది నంబర్లు రాసుకుని ఏ సెట్టులో ఏ ప్లేటు లేదో చూడాలి.