విమానం అంత పెద్దదే

2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. వరద తీసి బడి తెరిచాక, ఆరో తరగతి పిల్లవాడొకడు ఒక బొమ్మ గీసి తెచ్చాడు. కాగితం నిండా నీళ్లు. మూలన అగ్గిపెట్టెంత ఇల్లు. నడుమ ఆ ఇంటికి నాలుగింతలున్న గేదె తల. డ్రాయింగ్ టీచర్ని కదా, ‘కొలతలు సరిచూసుకో’ అని ఎర్ర సిరాతో రాసి ఇచ్చేశాను.

ఈమధ్య దార్ఫుర్ పిల్లల బొమ్మలు చూస్తుంటే ఆ గేదె గుర్తొచ్చింది.

సూడాన్ పడమటి ప్రాంతమైన దార్ఫుర్‌లో 2003లో తిరుగుబాటు మొదలైంది. దాన్ని అణచే పేరుతో సైన్యమూ, జంజవీద్ అనే సాయుధ ముఠాలూ ఊళ్లకు ఊళ్లు తగలబెట్టాయి. రెండు లక్షల మందికి పైగా పక్కదేశం చాద్‌కు పారిపోయారు. 2005లో హ్యూమన్ రైట్స్ వాచ్ అనే మానవ హక్కుల సంస్థ తరఫున ఒక పిల్లల డాక్టరు, ఒక న్యాయవాది అక్కడి శిబిరాలకు వెళ్లారు. పెద్దలతో మాట్లాడుతున్నంతసేపు పిల్లలకు కాలక్షేపంగా ఉంటుందని కాగితాలు, క్రేయాన్లు ఇచ్చారు. ఏం గీయాలో చెప్పలేదు. పిల్లలు గీసినవి మండుతున్న గడ్డి కప్పులు, గుర్రాల మీదా ఒంటెల మీదా తుపాకులతో మనుషులు, బాంబులు జారవిడుస్తున్న ఆంటనోవ్ విమానాలు. తుపాకీ ఏ రకమో పోల్చుకోగలిగేంత వివరంగా గీశారు. బడి ముఖం చూడని చేతులు కూడా ఆ వివరాల్లో తప్పలేదంటే, ఎంత దగ్గర నుంచి చూశారో!

జంజవీద్‌తో తమకు సంబంధం లేదని సూడాన్ ప్రభుత్వం చెబుతూ వచ్చింది. ఈ కాగితాల్లో మాత్రం కింద గుర్రాలు, పైన విమానం కలిసే వస్తాయి. విమానాలున్నది ప్రభుత్వానికే, తిరుగుబాటుదారులకు లేవు.

2007లో వేజింగ్ పీస్ అనే సంస్థ చాద్‌లోని శిబిరాల నుంచి మరో 500 బొమ్మలు సేకరించింది. పిల్లలూ కళ్లారా చూశారు, వాళ్లనూ అడగండి అన్నది అక్కడి తల్లులేనట. హేగ్‌లోని అంతర్జాతీయ నేర న్యాయస్థానం ఆ బొమ్మలను నేరాల నేపథ్యం తెలిపే సాక్ష్యంగా స్వీకరించింది. ఆ వార్త చదివి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. మేం మార్కులు వేసి బీరువాలో పడేసే కాగితం లాంటిదే కదా అది!

2023 ఏప్రిల్ నుంచి సూడాన్ మళ్లీ తగలబడుతోంది. ఆనాటి జంజవీద్‌ల నుంచి పుట్టిన దళమే ఇప్పుడు సైన్యంతో పోరాడుతోంది. చాద్ సరిహద్దు మళ్లీ పిల్లలతో నిండింది.

ఆ పిల్లల బొమ్మల్లో విమానాలు గుడిసెల కన్నా ఎన్నో రెట్లు పెద్దవిగా ఉన్నాయి. ఎవరైనా వాటి పక్కన ఎర్ర సిరాతో కొలతలు రాయగలరా?

మా పిల్లవాడు ఇప్పుడు తొమ్మిదో తరగతి. మొన్న పిలిచి గేదె సంగతి అడిగాను. డాబా మీదికి ఎక్కించలేక పలుపుతాడు విప్పి వదిలేశారట.

“తల ఒక్కటే కనబడింది టీచర్. చాలాసేపు కనబడింది” అన్నాడు.