గడ్డి ధరలో గడ్డి ఎంత, దారి ఎంత

కరవు వచ్చిన ఏడాది అనంతపురం ప్రాంతంలో ఎవరిని కదిలించినా గడ్డి దొరకడం లేదనే చెబుతారు. నేను గమనించినంతవరకు ఆ మాట సగమే నిజం. గడ్డి ఎక్కడో ఒకచోట ఉంటూనే ఉంటుంది, కొన్నిచోట్ల కోసిన మడిలోనే దాన్ని తగలబెడుతుంటారు కూడా. అది మన దొడ్డికి చేరేసరికి లారీ బాడుగ, ఎత్తుడు దించుడు కూలి, మధ్యలో కొని అమ్మేవాడి లాభం దాని మీద పడతాయి. అన్నిటికంటే ఎక్కువగా, సమయానికి కొనలేకపోయినందుకు చెల్లించే మూల్యం పడుతుంది. ఈ నాలుగింటినీ విడదీసి చూడకుండా ధర పెరిగిందని వాపోతే మనకు ఒరిగేది లేదు.

మా వైపు పశువులకు అసలు మేత వరిగడ్డి కాదు. ఉమ్మడి జిల్లాలో ఏడాది సగటు వర్షపాతం దాదాపు 550 మిల్లీమీటర్లు. పడమటి కనుమల వానచాటున ఉన్న నేల ఇది. తుంగభద్ర ఎగువ కాలువ కింద, చెరువుల కింద, నీళ్లున్న బోర్ల కింద తప్ప వరి కనిపించదు. అందుకే తరతరాలుగా వేరుశనగ కట్టె (కాయలు కోసుకున్నాక మిగిలే ఎండు మొక్క), జొన్న చొప్ప, బీళ్లలో మొలిచే కసువు, వీటి మీదే మా ఆవులు, ఎనుములు (బర్రెలు), జీవాలు (గొర్రెలు, మేకలు) బతికాయి. వీటిలో వేరుశనగ కట్టెకు సాటి లేదు. వరిగడ్డిలో మాంసకృత్తులు మూడు, నాలుగు శాతానికి మించవు; ఆకు రాలకుండా ఆరబెట్టిన కట్టెలో అంతకు రెట్టింపు పైగా ఉంటాయి. అయితే ఆ కట్టె పండాలంటే ముంగారు (తొలకరి) వాన సకాలంలో పడాలి. కాయ కట్టే ఊడలు నేలలోకి దిగే వేళ వాన మొహం చాటేస్తే కాయా పోతుంది, కట్టే పోతుంది. పంటల బీమా పోయిన పంటను లెక్కలోకి తీసుకుంటుందే గానీ, పోయిన మేతను ఎవరూ లెక్కించరు. పైగా కొన్ని ఏళ్లలో పైరంతా వానలేక వాడిపోయాక, పీకి వాములు వేసే ముందు వాన కురుస్తుంది. తడిసిన కట్టె నల్లబడి, బూజు వాసన వేసి, ఆకంతా రాలిపోయి పుల్లలే మిగులుతాయి. పశువు దాన్ని మూతితో పక్కకు నెట్టేస్తుంది.

అలాంటి ఏడాదే వరిగడ్డి కోసం కాలువల ప్రాంతాల వైపు చూడాల్సి వస్తుంది: కేసీ (కర్నూలు-కడప) కాలువ కింది నంద్యాల ప్రాంతం, అవతల కర్ణాటకలో సిరుగుప్ప, గంగావతి వైపు తుంగభద్ర ఆయకట్టు. 2023లో ఈ దారి కూడా మూసుకుపోయింది. ఆ ఆగస్టు 1901 తర్వాత దేశం చూసిన అత్యంత వానలేని ఆగస్టు. మన రాష్ట్రంలో ఆ ఖరీఫ్‌కు 103 మండలాలను కరవు మండలాలుగా ప్రకటించగా, కర్ణాటకలో 236 తాలూకాలకు 223 తాలూకాలు కరవు జాబితాలో చేరాయి. తుంగభద్ర జలాశయానికి తగినంత వరద రాకపోవడంతో ఆయకట్టులో రెండో పంటకు నీళ్లందలేదు. అక్కడి అధికారులు మేత సరిహద్దు దాటకుండా ఆంక్షలు పెట్టారు. వాళ్ల పశువుల కోసం వాళ్లు ఆ పని చేయడాన్ని నేను తప్పుపట్టలేను. కానీ పొరుగువాడికీ కరవే వచ్చిన ఏడాది మనకు మిగిలేది మరింత దూరం నుంచి తెచ్చుకోవడమే.

దూరం ఎందుకింత భారమవుతుందంటే, గడ్డి బరువు తక్కువ, చోటు ఎక్కువ తీసుకునే సరుకు. పది టన్నులు మోయగల లారీలో విడిగడ్డిని ఆకాశానికి అంటేలా పేర్చినా అందులో సగం బరువు ఎక్కదు, బాడుగ మాత్రం నిండు లారీదే. యంత్రంతో బిగించి కట్టిన గడ్డి కట్టలైతే అదే లారీలో చాలా ఎక్కువ పడతాయి. ఈ ఒక్క తేడాతో కిలో గడ్డి మీద పడే రవాణా ఖర్చు గణనీయంగా తగ్గుతుంది. అయినా మా ఊళ్లలో ఇప్పటికీ ట్రాక్టర్ లెక్కన బేరమాడతారే గానీ తూకం అడిగేవారు తక్కువ. రెండు ట్రాక్టర్ల గడ్డి చూపుకు ఒకేలా ఉన్నా బరువులో చాలా తేడా ఉండవచ్చు. తెలిసిన రైతు పై పొరను చూడడు, మోపు నడుమ చెయ్యి దూర్చి పిడికెడు లాగి వాసన చూస్తాడు. నడుమ తేమ ఉంటే బరువూ మోసమే, వారం తిరగకుండా ఆ గడ్డి ముక్కుతుంది. చేతికోత గడ్డి అయితే పొడవుగా, శుభ్రంగా ఉంటుంది. కోత మిషన్ గడ్డి నలిగి, మట్టి కలిసి వస్తుంది కాబట్టి ధర తగ్గించి అడగడం న్యాయం.

ఇక ఇంటి లెక్క చూద్దాం. మన నాటు ఆవు లేదా ఎద్దు రోజుకు ఆరు కిలోల ఎండుమేత తింటుందనుకుంటే, జనవరి నుంచి జూన్ దాకా ఒక పశువుకు దాదాపు 1,080 కిలోలు కావాలి. జత ఎద్దులు, ఒక ఆవు ఉన్న ఇంటికి మూడు టన్నులు దాటుతుంది. కాలువ కింద ఎకరా, ఎకరన్నర వరి పొలంలో వచ్చే గడ్డి అది. కిలోకు ఒక్క రూపాయి పెరిగినా ఆ ఇంటి మీద ఆరు నెలల్లో పడే అదనపు భారం 3,200 రూపాయల పైమాటే. పంట పోయిన ఏడాది ఆ డబ్బు ఎక్కడినుంచి వస్తుంది? చాలామంది ఒక పశువును అమ్మి మిగతావాటికి గడ్డి కొంటారు. అందరూ ఒకేసారి సంతకు తోలుకొస్తారు కాబట్టి పశువు ధర పడిపోతుంది, గడ్డి ధర పెరుగుతుంది. వానలు పడ్డాక తిరిగి కొనబోతే ఎద్దుల ధర అందనంత ఎత్తులో ఉంటుంది. ఇలా ఒక్కో కరవు తర్వాత ఒక్కో వీధిలో కాడి మాయమై, ట్రాక్టర్ బాడుగ మీద సేద్యం చేసే ఇళ్లు పెరగడం నేను కళ్లారా చూశాను. ఇది నన్ను నిజంగా బాధపెట్టే విషయం.

ప్రభుత్వ సాయం లేదని నేను అనను. 2022-26 కాలానికి పెట్టిన విపత్తు సహాయ నిధి నిబంధనల ప్రకారం పశు శిబిరంలో పెద్ద పశువుకు రోజుకు 80 రూపాయలు, చిన్నవాటికి 45 రూపాయల చొప్పున ఇచ్చే వీలు కల్పించారు. అయితే ఖరీఫ్ కరవు ప్రకటనే అక్టోబరు చివరికి వస్తుంది. కాగితాలు నడిచి, శిబిరం తెరిచి, గడ్డి కొనేసరికి ఎండాకాలం ముదురుతుంది. అప్పటికి కొనేవాళ్లలో ప్రభుత్వమూ ఒకటవుతుంది, ధర ఇంకాస్త ఎగబాకుతుంది. కృష్ణా, గోదావరి డెల్టాల్లోనూ తెలంగాణ ఆయకట్టుల్లోనూ మిషన్ కోత అయ్యాక రెండో పంటకు తొందరపడి గడ్డికి నిప్పుపెట్టేది నవంబరు, డిసెంబరుల్లోనే. కొనవలసినదీ అప్పుడే. ఆ గడ్డిని అక్కడే కట్టలు కట్టించి, కరవు మండలాల్లో ఎత్తయిన చోట, చెదపురుగు, వాన తగలకుండా నిల్వచేసి, మార్చి నుంచి తూకం మీద అమ్మితే ధరకు ఒక హద్దు ఏర్పడుతుంది. ఉచితంగా ఇవ్వనక్కరలేదు, కోతల నాటి ధరకు రవాణా, నిల్వ ఖర్చులు కలిపి ఇచ్చినా రైతు సంతోషంగా కొంటాడు.

అది జరిగేదాకా మన చేతిలో ఉన్న పని ఒకటుంది. వరిగడ్డిని అలాగే వేస్తే పశువు కడుపు నిండినా ఒళ్లు చేయదు. వంద కిలోల గడ్డికి నాలుగు కిలోల యూరియాను యాభై, అరవై లీటర్ల నీటిలో పూర్తిగా కరిగించి, పొరలు పొరలుగా చల్లి, గాలి చొరకుండా పట్టాతో కప్పి మూడు వారాలు మాగబెడితే గడ్డి మెత్తబడుతుంది, మాంసకృత్తులు పెరుగుతాయి. తీసిన గడ్డిని కాసేపు ఆరబెట్టి ఘాటు పోయాక వేయాలి. ఆరు నెలల లోపు దూడలకు వేయకూడదు, యూరియా నీళ్లు పశువు తాగకుండా జాగ్రత్తపడాలి. అలాగే వాన లేక గిడసబారిన లేత జొన్నను, మేత లేదు కదా అని పచ్చిగా మేపవద్దు. అందులోని సైనైడ్ విషానికి పశువు నిమిషాల్లో పడిపోవచ్చు. దాన్ని కోసి బాగా ఎండబెట్టి, తర్వాతే కొద్దికొద్దిగా వేయాలి.

ఈ ఏడాది మీరు కొనబోతుంటే పది ఇళ్లవాళ్లు కలిసి ఒక లారీ కట్టలు మాట్లాడుకోండి, దగ్గరలోని తూకం దగ్గర ఖాళీ లారీని, నిండు లారీని తూయించండి, కిలో లెక్కనే డబ్బు ఇవ్వండి. సంక్రాంతి దాటాక ఫోన్ చేస్తే అమ్మేవాడు చెప్పిన ధరకే ఒప్పుకోవాల్సి వస్తుంది కాబట్టి కార్తీకంలోనే బేరం కుదుర్చుకోవడం మేలు.