సంఘాల వాలీబాల్ లీగ్: జనవరి నుంచి జూన్ దాకా

జనవరి

సంక్రాంతి అయ్యాక మా చుట్టుపక్కల చర్చి సంఘాల వాలీబాల్ లీగ్ మొదలైంది. గుంటూరు వైపు జట్లకు లోటుండదు. 1842లో లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ గుంటూరు వచ్చిన దగ్గర్నుంచి పెరిగిన లూథరన్ సంఘాలు కొన్ని, బాప్టిస్టులు కొందరు, ఈమధ్య లేచిన పెంతెకొస్తు మందిరాలు ఇంకొన్ని. బాప్తిస్మం చిలకరింపా, ముంచడమా అన్న దగ్గర ఒప్పుకోని వాళ్లం బంతి గీత మీద పడిందా, బయట పడిందా అన్న దగ్గర కూడా ఒప్పుకోం. ఆట ముందు ప్రార్థన, ఆట తర్వాత టీ మాత్రం కలిసే.

నాకు నలభై దాటాయి. పగలంతా కుర్చీలో కూర్చునే ఉద్యోగం. కాలేజీలో నెట్ దగ్గర ఎగిరి స్మాష్ కొట్టేవాణ్ణి, ఇప్పుడా ఎగురుడు లేదు. అందుకని ఈసారి ఒక్క పనే పెట్టుకున్నా: అవతలి సర్వీస్‌ను మా లిఫ్టర్‌కి, అంటే స్మాష్ కొట్టేవాళ్లకు బంతి లేపి ఇచ్చే మనిషికి, అందేలా ఎత్తడం. ఇలాంటి లీగుల్లో స్మాష్‌తో వచ్చే పాయింట్ల కంటే మొదటి బంతి లేవక పోయే పాయింట్లే ఎక్కువ. మా స్కోరు కాగితాలు తిరగేస్తే అదే కనిపిస్తుంది.

రూల్స్ మేం కొంచెం మార్చుకున్నాం. ఆరుగురిలో ఇద్దరైనా ఆడవాళ్లు ఉండాలి, ఒకరు పదహారు లోపు పిల్లలు, ఒకరు నలభై దాటినవాళ్లు. నెట్ ఎత్తు మగవాళ్లకు 2.43 మీటర్లు, ఆడవాళ్లకు 2.24 మీటర్లు అని రూలు పుస్తకం చెబుతుంది, మేం 2.30 దగ్గర కట్టుకున్నాం. సెట్ 21 పాయింట్లకు. ఒకరి సర్వీస్ మీద వరసగా మూడు పాయింట్లు వస్తే బంతి తర్వాతవాళ్లకి ఇచ్చేయాలి. ఇది పెట్టకముందు గట్టిగా సర్వీస్ చేసే కుర్రాడు ఒకడుంటే చాలు, మిగతా పదకొండు మంది నిలబడి చూడటమే. కొత్తగా లీగ్ పెట్టుకునేవాళ్లు మిగతావి వదిలేసినా ఈ ఒక్కటి తీసుకోండి.

అసలు ఈ ఆట పుట్టిందే నాలాంటి వాళ్ల కోసం. 1895లో అమెరికాలోని హోలియోక్ వైఎంసీఏలో విలియం మోర్గాన్ అనే ఆయన, బాస్కెట్‌బాల్ పరుగులు తట్టుకోలేని నడివయసు వ్యాపారుల కోసం దీన్ని తయారుచేశాడు. మొదట్లో నెట్ ఆరున్నర అడుగులే, జట్టుకు ఇంతమందే అన్న లెక్క కూడా లేదు. నెట్ దించారని వెక్కిరించే కుర్రాళ్లకు ఈ ముక్క చెబుతుంటాను.

కోర్టు సంగతి

మా చర్చి స్థలం నల్లరేగడి. వానొస్తే జిగురు, ఎండొస్తే బీటలు. రెండు ట్రాక్టర్ల ఎర్రమట్టి తోలించి, నీళ్లు చల్లి, రోలర్ లాగితే ఆటకు పనికొచ్చింది. శనివారం సాయంత్రం మళ్లీ తడపాలి, లేకపోతే ఆదివారం దుమ్ము తప్ప బంతి కనబడదు.

గీతలు గీసేటప్పుడు మూలలు వంకర రాకుండా ఒక సులువు ఉంది. కోర్టు 18 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు. మూల నుంచి మూలకు టేపు పెడితే 20.12 మీటర్లు రావాలి, రెండు వైపులా. రాకపోతే మేకులు మళ్లీ జరపాల్సిందే. గీతలకు సున్నం వద్దు. బంతి కోసం కింద పడ్డవాళ్ల కళ్లలో పడితే ప్రమాదం. ముగ్గుపిండి చాలు. పోల్స్ సర్వి బాదులు, గీతకు అర మీటరు పైనే దూరంగా పాతాం, పిల్లలు గుద్దుకోకుండా వాటికి పాత గోనెసంచులు చుట్టాం. నెట్ ఎత్తు కొలవాల్సింది మధ్యలో. పోల్ దగ్గర కొలిచి సరిపోయిందనుకుంటే మధ్యలో జారి ఉంటుంది.

బంతికి గాలి కూడా ముఖ్యమే. సైకిల్ షాపులో రాయిలా కొట్టిస్తారు, రెండు సెట్లకు ముంజేతులు ఎర్రగా కందిపోతాయి. ఉండాల్సింది చదరపు సెంటీమీటరుకు 0.30 నుంచి 0.325 కిలోలు, అంటే నాలుగున్నర పీఎస్‌ఐకి అటూ ఇటూ. సూదిని తడిపి పెట్టాలి, పొడిగా గుచ్చితే వాల్వ్ పోతుంది.

ఫిబ్రవరి

మిరపకాయ కోతలు. సగం జట్టు పొలాల్లోనే. ఉన్నవాళ్లతోనే ఆడాం, ఎక్కువ ఓడాం.

ఓడినా నా పని ముందుకు కదిలింది. మా సంఘంలో రిటైరైన డ్రిల్లు మాస్టారు ఉన్నారు, రిఫరీ కూడా ఆయనే. సర్వీస్ చేసే జట్టుకే పాయింటు వచ్చే పాత రూలు రోజుల్లో ఆడిన మనిషి. నా ఆట చూసి, "చేతులు ఊపకు బాబూ, బల్లలా పెట్టు. బంతి వేగం దానికే ఉంది" అన్నారు. అంతా అందులోనే ఉంది. బొటనవేళ్లు రెండూ పక్కపక్కన పెట్టి కిందికి వంచితే మోచేతులు వాటంతటవే తిన్నగా అవుతాయి. బంతి తగలాల్సింది మణికట్టుకు కాస్త పైన, ముంజేతి చదును మీద. చేతులు కలిపే ముందే కాళ్లు బంతి కిందకి చేరాలి. చేతులు ముందే కలిపేసి పరిగెత్తితే ఎటూ చేరలేం.

ఇంట్లో మేడ మీద మా అబ్బాయి బంతి విసురుతాడు, నేను ఎత్తి ఐదారు అడుగుల దూరంలో పెట్టిన బట్టల బుట్టలో వేయాలి. బుట్టను ఎడమకీ కుడికీ మారుస్తుంటే భుజం ఎంత తిప్పాలో ఒంటికి తెలుస్తుంది. కింద పోర్షన్ వాళ్లు ఒప్పుకునే టైము సాయంత్రం ఆరు నుంచి అరగంట.

మా లిఫ్టర్ ఇంటర్ చదివే అమ్మాయి, చురుకైన చేతులు. "బాబాయ్, నా మీదకి స్పీడుగా పంపకండి. ఎత్తుగా ఇవ్వండి చాలు, ఎక్కడున్నా నేను కిందకి వచ్చేస్తా" అంటుంది. అప్పటి నుంచి నెట్ కంటే మరో మీటరున్నర పైకి లేపడమే గురి పెట్టుకున్నా. ఎత్తుగా లేస్తే కాస్త పక్కకి పోయినా ఆమెకు టైం దొరుకుతుంది. తక్కువ ఎత్తులో సూటిగా పంపితే అంగుళం తేడాకే బంతి అవతలి కోర్టులో ఉంటుంది.

శ్రమ దినాలు

భస్మ బుధవారం నుంచి ఈస్టర్ దాకా మ్యాచ్‌లు ఆపేస్తాం. ఏసు పడ్డ శ్రమలను తలుచుకునే రోజులివి, శుక్రవారాలు ప్రార్థన కూడికలు, కొందరికి ఉపవాసాలు. ప్రాక్టీస్ మాత్రం సాగింది.

మోకాలి చిప్ప కింద నొప్పి వస్తుంటే గట్టి నేల మీద ఎగరడం తగ్గించి, గోడకు ఆనుకుని కుర్చీలో కూర్చున్నట్టు నిలబడటం రోజూ చేశా. నెమ్మదిగా తగ్గింది. బూట్ల విషయం ఒకటి: మడమ ఎత్తుగా ఉండే రన్నింగ్ షూతో ఆడకండి. పక్కకి కదిలే ఆట ఇది, చీలమండ మడతపడుతుంది. అడుగు చదునుగా ఉన్నవి కొనుక్కోండి.

ఈస్టర్ తర్వాత

బాప్టిస్టు జట్టులో ఒకాయన తిరగని బంతి వేస్తాడు, ఫ్లోట్ సర్వీస్. గాలిలో ఊగుతూ వచ్చి చివర్లో చటుక్కున దిగుతుంది. వెనక్కి నిలబడి ఎదురుచూస్తే పని కాదు. ఒక అడుగు ముందుకేసి, అది దిగకముందే అందుకోవాలి. ఆ మ్యాచ్‌లో ఆయన బంతుల్లో సగానికి పైగా లిఫ్టర్ దగ్గరికి చేర్చగలిగా. మ్యాచ్ ఓడాం గానీ ఆ రాత్రి నాకు బాగా నిద్ర పట్టింది.

ఇద్దరి మధ్య పడే బంతికి మా జట్టు ఒక మాట అనుకుంది: ఎడమవైపు ఉన్నవాళ్లది. "నాది" అని అరవడం కూడా తప్పనిసరి. సండే స్కూల్ టీచరమ్మకి అరవడం మొహమాటం, ఇప్పుడు అందరికంటే ఆవిడ గొంతే పైన వినిపిస్తోంది.

గొడవలు రెండు రూల్స్ దగ్గరే వస్తున్నాయి. సర్వీస్ నెట్‌కి తగిలి అవతల పడితే ఆట ఆగదు. ఇది పాతవాళ్లకి మింగుడుపడదు. మొదటి బంతి ఒకే కదలికలో ఎత్తేటప్పుడు చేతికీ ఛాతీకీ వరసగా తగిలినా డబుల్ (ఒకరే రెండుసార్లు తాకిన తప్పు) కాదు. ఈ రెండూ అట్టముక్క మీద రాసి పోల్‌కి కట్టాం.

మే, జూన్

మేలో మా ఎండల్లో ఆట మాటే లేదు, పొద్దున ఆరింటికి కాసేపు సర్వీసులు తప్ప. ఓఆర్‌ఎస్ ప్యాకెట్ దాని మీద రాసినన్ని నీళ్లలో మొత్తం కలపాలి, గ్లాసులో కొంచెం కొంచెం కాదు. దాని పేరు చెప్పుకుని అమ్మే తియ్యటి డ్రింకులు వద్దు, మజ్జిగలో ఉప్పేసుకోవడం నయం.

జూన్‌లో మళ్లీ మొదలెట్టాం. పట్టికలో కింది నుంచి రెండో స్థానం. సర్వీస్ ఎత్తడం కుదురుకుంది కాబట్టి ఇక బ్లాక్‌కి, అంటే నెట్ మీద అవతలివాళ్లు అడ్డం పెట్టిన చేతులకి, తగిలి వెనక్కి వచ్చే బంతి మీద పడాలి. దానికి మేడ చాలదు. మాస్టారు బల్ల మీద నిలబడి కొడతానన్నారు, బల్ల గట్టిదేనా అని వాళ్లావిడ అడుగుతున్నారు.